దుర్భిణి లేకుండా కనబడరాదు

ఆ ఉదయం ఓరిన్ గ్రిండిల్ పెట్టుకున్న పని ఒక్కటే: పెరట్లోని గంజాయి మొక్కలు దారిన పోయేవాళ్ళకు కనబడుతున్నాయో లేదో ఆఖరిసారి చూసుకోవడం. వారాంతానికి గడ్డమంచు పడుతుందని రేడియోలో చెప్పారు. అంచేత రేపు పొద్దున్నే కోత. ఈ ఒక్క రోజూ ఎవరి కంటా పడకుండా గడిస్తే చాలు.

కనబడుతున్నాయో లేదో తేల్చవలసింది మాత్రం ఆయన కాదు, ఆయన భార్య లియోనా. జబ్బు ఆవిడది, డాక్టరు చీటీ ఆవిడది, మొక్కలూ ఆవిడవే. పైగా మెయిన్ రాష్ట్రపు సముద్ర తీరంలో ఉన్న ఆ చిన్న ఊరికి ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి, పడవ లైసెన్సు నుంచి కుక్క మెడలో బిళ్ళ దాకా తన సంతకం లేనిదే ఏదీ కదలనివ్వని మనిషి. సొంత అన్నగారి కుక్కకు బిళ్ళ లేదని జరిమానా వేసిన ఘనత ఆవిడకుంది. ఆ అన్నగారు రెండేళ్ళు మాటలు మానేశాడు. కుక్క మాత్రం రాకపోకలు మానలేదు.

గౌను మీద ఓరిన్ కోటు, నెత్తిన ఊలు టోపీ, చేతిలో కర్ర. లియోనా ఇంటి ముందు రోడ్డు మీద నిలబడి కంచెను ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది.

"ఎడం నుంచి మూడోది. నెత్తి కనబడుతోంది."

"అది నెత్తి కాదే. కంచె గుంజ."

"గుంజలు గాలికి ఊగవు ఓరిన్."

ఆ రాష్ట్రంలో రోగులు మందు కోసం గంజాయి పెంచుకోవచ్చు, దానికి చట్టం ఏం చెబుతుందో ఇద్దరికీ కంఠతా వచ్చు. కాపుకొచ్చిన మొక్కలు ఆరు మించకూడదు. చుట్టూ కంచె ఉండాలి, కంచెకు తాళం ఉండాలి. రోగికీ, రోగికి తోడుండే మనిషికీ తప్ప లోపలికి ప్రవేశం లేదు. దుర్భిణి సాయం లేకుండా నలుగురూ నడిచే దారిలోంచి కంటికి కనబడరాదు. చట్టం అడగకపోయినా లియోనా ఇంకొకటి చేర్చింది: ఆఫీసులో మిగిలిపోయిన రేకు బిళ్ళల మీద తన పేరు చెక్కించి, మొక్కకు ఒకటి చొప్పున కట్టింది. బిళ్ళ లేనిదే ఆవిడకు దేని మీదా నమ్మకం కుదరదు.

"కొండ మలుపు నుంచి నిన్న చూశావుగా, అక్కడ ఫరవాలేదన్నావు," అన్నాడు ఓరిన్ ఆశగా.

"అక్కణ్ణించి పచ్చగా మరకలా ఉంది. అది చాలదు నేరానికి. ఇక్కణ్ణించి నెత్తి కనబడుతోంది. ముందే చెప్పాను, ఒక్క నియమం తప్పినా అన్నీ పీకి పొయ్యిలో పెడతాను. ఊరందరి చేతా పాటింపజేసి, నా ఇంటికొచ్చేసరికి కళ్ళు మూసుకోమంటావా?"

పెడుతుంది. అందులో ఆయనకు అనుమానం లేదు. ఆయన భయమంతా అదే.

వసంతంలో ఆస్పత్రి వైద్యం మొదలైనప్పటి నుంచి లియోనాకు తిండి సయించడం మానేసింది. కోట్లన్నీ వదులైపోయాయి, పెళ్ళి ఉంగరం దారం చుడితే గాని నిలవడం లేదు. గంజాయి దుకాణంలో కొన్న మందు పడక ఒకరోజంతా కళ్ళు తిరిగి పడుకుంది. ఆస్పత్రిలో పరిచయమైన ఒకామె తన తోటలోని రకం ఇస్తే మాత్రం ఆ పూట రెండు గుడ్లు తిని, మూడోది ఉందా అని అడిగింది. ఆ 'మూడోది ఉందా' ఓరిన్ చెవుల్లో అలాగే ఉండిపోయింది. అదే రకం మొలకలు తెచ్చాడు. నలభై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి, మొక్క అన్నది ఎరగనివాడు, వేసవి అంతా పురుగులు ఏరుతూ గడిపాడు. రోజూ పొద్దున్న పేపరు అడ్డం పెట్టుకుని ఆవిడ చెంచా ఎన్నిసార్లు లేస్తుందో ఓరకంట చూస్తాడు. పేపరు తలకిందులుగా ఉందని ఆవిడ ఎన్నడూ అనలేదు.

ఇదంతా ఊరికి చెప్పలేదు. జబ్బని తెలుసు, అంతే. "వస్తారు, గిన్నెలు పట్టుకుని వస్తారు, నన్నలా చూస్తారు. ఆ చూపు నేను భరించలేను," అన్నది లియోనా. చెప్పంది అడగడం ఆ ఊరి పద్ధతి కాదు గనక ఎవరూ రాలేదు.

ఓరిన్ కొట్టంలోంచి టార్పాలిన్ తీసి కంచె పైన ఇంకో మూరెడు ఎత్తు కట్టాడు. గాలికి అది తెరచాపలా లేచింది. ఏదైనా బరువు కట్టాలి. కొట్టం గోడకు లియోనా తండ్రి నాటి బుర్రలు వేలాడుతున్నాయి, లాబ్‌స్టర్ అనే పెద్ద రొయ్యల్ని పట్టే బుట్ట సముద్రంలో ఎక్కడుందో తెలియడానికి పైన తేలేలా కట్టే చెక్క బుర్రలు. అక్కడ ఏ పడవవాడి రంగు వాడిదే. లియోనా తండ్రిది నిప్పులాంటి ఎరుపు. ఓరిన్ వాటిని టార్పాలిన్ అంచుకు వరసగా వేలాడగట్టాడు.

లియోనా మళ్ళీ చూసింది. చాలాసేపు చూసింది.

"నాన్న బుర్రలు," అంది. తర్వాత గొంతు సవరించుకుని, "కనబడటం లేదు. సక్రమంగా ఉంది," అని లోపలికి వెళ్ళి, సగం రొట్టెముక్క తిని పడుకుంది.

అసలు గొడవ ఆ ఎరుపుతోనే మొదలైంది. దేశానికి ఆ చివర పడమటి కొండల్లో ఉండవలసిన నారింజరంగు హమ్మింగ్‌బర్డ్ ఒకటి, బొటనవేలంత పిట్ట, చలికాలానికి దక్షిణానికి పోబోయి దారి తప్పి తూర్పు తీరానికి వచ్చిపడింది. ఎర్రగా ఏది కనబడ్డా పువ్వే అనుకోవడం ఆ పిట్ట స్వభావం. బుర్రలన్నిటినీ ముక్కుతో పొడిచి చూసి, మోసపోయానని గ్రహించి, పక్కనే మూడో గంజాయి మొక్క కొసన కూర్చుంది. అక్కడ చిన్న చిన్న దోమలు దొరికాయి. ఇక కదల్లేదు.

కొండ మలుపులో ఉన్న ఇంటి మేడ కిటికీలోంచి ప్రూడెన్స్ బీల్ దాన్ని దుర్భిణితో చూసింది. రిటైరైన టీచరు. ఎనభై ఏళ్ళు దగ్గర పడుతున్నా కొండ దిగి వచ్చేసరికి ఆయాసం కూడా రాలేదు. గేటు అవతల నిలబడి కేక పెట్టింది.

"ఓరిన్! మీ పెరట్లో ఏముందో నాకు తెలిసిపోయింది!"

ఓరిన్ చేతిలోని సుత్తి కాలి మీద పడింది. "మెల్లిగా టీచరుగారూ. లియోనా పడుకుంది."

"మెల్లిగానా! మేడ మీంచి చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. మన జిల్లా మొత్తంలో ఇలాంటిది ఎవరింట్లోనైనా ఉందా?"

"చాలామందికి ఉంటాయండీ. బయటికి చెప్పుకోరంతే."

"చాలామందికా!" టీచరు గుండె మీద చెయ్యి వేసుకుంది. "నీ దగ్గర ఎప్పట్నుంచి?"

"మే నుంచి. కిటికీ పక్కన కప్పుల్లో పెట్టి పెంచాను. వేలెడంత ఉండేవి. చలి తగ్గాక బయటికి తెచ్చాను."

"కప్పుల్లో పెట్టి... నీ చేతుల్తో..." ఆవిడ రెండు చేతులా గేటు పట్టుకుంది. "ఉండేవి అంటున్నావు. ఒకటి కాదా?"

"ఆరండీ. ఆరంటే ఆరే. కావాలంటే లెక్కపెట్టుకోండి."

"ఆరు!"

"సరదాకి కాదు టీచరుగారూ. అవి లేకపోతే లియోనాకి ముద్ద దిగదు."

టీచరు కళ్ళు తడిశాయి. "పాపం, లియోనా! అంత ప్రేమ ఉందని నాకు తెలియనే తెలియదు."

"ప్రేమ కాదండీ. మందు."

"మందే నాయనా. మందు కాక మరేమిటి? నాకూ అంతేగా. పొద్దున లేవగానే ఒక్కటైనా పడకపోతే రోజంతా ఏదోలా ఉంటుంది."

ఓరిన్ ఆవిడను ఎగాదిగా చూశాడు. ఆదివారం ఆదివారం చర్చిలో పియానో వాయించే మనిషి.

"మీక్కూడా తెలుసు కనక ఇక దాపరికం లేదు. దయచేసి ఎవరికీ చెప్పకండి."

"ఎలా దాచమంటావు? ఇలాంటిది కనబడితే నిమిషాల మీద అందరికీ చెప్పాలన్నది మా నియమం. నేను సంఘానికి కార్యదర్శిని ఓరిన్!"

వీళ్ళకు సంఘం కూడా ఉందా అని ఓరిన్ నోరు తెరిచేలోపు ఆవిడ ఫోను నొక్కుకుంటూ కొండెక్కేసింది.

మధ్యాహ్నానికి కొండ మలుపులో కార్లు ఆగాయి. ఒకటి కాదు, రెండు కాదు. దూరపు ఊళ్ళ నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా వచ్చాయి. ఓరిన్ వంటింటి కిటికీలోంచి చూస్తే, ఒంటినిండా జేబులున్న ఖాకీ చొక్కాలవాళ్ళు వరసగా నిలబడి, మూడు కాళ్ళ స్టాండ్ల మీద గొట్టాలు బిగించి, సూటిగా తన పెరడు కేసి గురిపెట్టి ఉన్నారు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. దుర్భిణి లేకుండా కనబడరాదంది చట్టం. సర్కారువారు దుర్భిణులే తెచ్చుకున్నారు!

లియోనా ఇంకా నిద్రలో ఉంది. లేచేలోపు ఎలాగైనా వీళ్ళను సాగనంపాలి. తలుపు చప్పుడు కాకుండా వేసి, పికప్ బండిలో మలుపు దగ్గరికి వెళ్ళాడు.

గడ్డం మనిషొకడు గొట్టంలోంచి కన్ను తీయకుండానే అడిగాడు. "మీరు ఈ ఊరివారేనా? ఆ తోట ఎవరిదో తెలుసా?"

"ఎందుకు?"

"ఆరు ఉన్నాయని కబురొచ్చింది. ఇంతసేపట్నుంచి చూస్తున్నాం, ఒకటే కనబడుతోంది. మిగతా ఐదూ ఏంచేశాడో మహానుభావుడు."

దొంగలెక్క అంటగడితే ఓరిన్‌కు ఎక్కడలేని రోషం వచ్చింది. "ఏంచేస్తాడయ్యా? వరసగా ఉన్నాయిగా! కళ్ళు లేవా!"

దుర్భిణులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. "ఎక్కడ? ఎక్కడ?"

"ఆ కంచె వెనక! ఒక్కొక్కటీ నా భుజమంత ఎత్తుంటే కనబడకపోవడమేమిటి?"

దుర్భిణులు కిందికి దిగాయి. పచ్చ టోపీ పెట్టుకున్న ఒకావిడ, పిచ్చివాళ్ళతో మాట్లాడే మెత్తని గొంతుతో అడిగింది. "భుజమంత ఎత్తా బాబూ?"

"మూడోదైతే ఇంకా ఎక్కువే. దాని బరువు అదే మొయ్యలేక వాలిపోతోంటే కర్రకి కట్టేశాను."

వెనక నుంచి గుసగుస. "కర్రకి కట్టేశాడట!"

"రేపు పొద్దున్న అన్నీ కోసేస్తాను, మీకెందుకు ఈ శ్రమ," అన్నాడు ఓరిన్, వాళ్ళను శాంతపరచడానికి.

పచ్చ టోపీ ఆవిడ బావురుమంది. గడ్డం మనిషి చొక్కా చేతులు మడిచాడు. ఆ క్షణంలో ప్రూడెన్స్ టీచరు టీ పళ్ళెంతో బయటికి రాకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

"వచ్చావా ఓరిన్! ఇదుగో, నువ్వూ చూడు. వీళ్ళకి ఒక్కటే దొరికింది," అంటూ ఆయన తలను పట్టుకుని గొట్టానికి ఆనించింది, బళ్ళో పిల్లవాడి తలను నల్లబల్ల వైపు తిప్పినట్టు.

ఓరిన్ చూశాడు. తన మూడో మొక్క కొసన, నిప్పురవ్వలాంటి పిట్ట. రెక్క విదిలించింది, గాల్లో ఆగింది, దోమను పట్టింది, మళ్ళీ కూర్చుంది.

"పిట్టా?" అన్నాడు.

"మరి నువ్వేమనుకున్నావు?"

చెప్పక తప్పలేదు. చెప్పేసరికి టీచరు మొహం ఎర్రబడింది. కప్పులు, భుజమంత ఎత్తు, కర్రకు కట్టడం, ఒక్కొక్కటే అర్థమవుతూ ఉంటే వరస మొదటి నుంచి చివరిదాకా నవ్వు పాకింది. "పొద్దున లేవగానే ఒక్కటైనా పడాలన్నాను కదూ," అని టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పిట్ట ఓరిన్, కంట పడాల్సింది పిట్ట!"

ఓరిన్ కూడా నవ్వేవాడే. కాని అప్పుడే గడ్డం మనిషి తాను తీసిన ఫోటో చూపించాడు. పిట్ట అద్భుతంగా పడింది. దాని కాళ్ళ కింద రేకు బిళ్ళ కూడా అంతకంటే అద్భుతంగా పడింది. 'లియోనా గ్రిండిల్' అన్న పేరు అక్షరం పోకుండా చదవొచ్చు.

"ఇది ఎవరికైనా పంపారా?"

"అందరికీ," అన్నాడు గడ్డం మనిషి గర్వంగా.

ఇంతలో షెరిఫ్ ఆఫీసు పోలీసు డ్వైట్ జీపు దిగాడు. కార్లు దారికి అడ్డంగా ఉన్నాయని ఎవరో ఫోన్ చేశారట. ఆరడుగుల మనిషి. అయినా ఓరిన్ బస్సులో ఎనిమిదేళ్ళు ప్రయాణం చేసినవాడు గనక ఆయన ముందు ఇప్పటికీ చేతులు వెనక్కి పెట్టుకుంటాడు.

"గ్రిండిల్ గారూ... ఈ ఫోటో మా ఆవిడ పంపింది. ఇది మీ తోటేనాండీ?"

"మాదేరా. చీటీ ఉంది. ఆరే ఉన్నాయి."

"అయ్యో, అందుక్కాదండీ. ఊరికే. లియోనా గారికి ఎలా ఉందో అడగొచ్చో లేదో అని..."

ఓరిన్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "డ్వైట్, లియోనాకి మాత్రం తెలియనివ్వకు. ఊరంతా చూసిందని తెలిస్తే అన్నీ పీకి పొయ్యిలో పెడుతుంది. పెట్టిందంటే మళ్ళీ తినదు. ఇంతకుమించి నేనేం చెప్పలేను." తర్వాత జనం వైపు తిరిగి బస్సు నడిపిన రోజుల గొంతు తీశాడు. "అందరూ వినండి! ఎవ్వరూ లియోనాకి చెప్పకూడదు!"

పరాయి రాష్ట్రాల వాళ్ళతో సహా అందరూ 'చెప్పం' అని తలలూపారు. డ్వైట్ చెయ్యి కూడా ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే ఓరిన్ జేబులో ఫోను మోగింది.

"ఓరిన్," అంది లియోనా. "నా పేరు మీద ఒక పిట్ట కూర్చున్న ఫోటో పదముగ్గురు పంపారు. మా అన్నయ్యతో సహా. బండి తీసుకురా."

ఓరిన్ ఇంటికి వెళ్ళి ఆవిడను బండిలో ఎక్కించుకొచ్చాడు. మలుపు దగ్గర ఆవిడ బండి దిగి, టోపీ కిందికి లాక్కుని, కర్ర ఊనుకుని నిలబడింది. తను ఆర్నెల్లుగా తప్పించుకు తిరుగుతున్న చూపుకోసం సిద్ధమై నిలబడింది.

ఎవరూ చూడలేదు. అంతమంది ఉన్నారు, అందరి కళ్ళూ దుర్భిణుల్లోనే ఉన్నాయి. పిట్ట ఆ క్షణాన రెక్కలు సవరించుకుంటోంది. పచ్చ టోపీ ఆవిడ మొహం తిప్పకుండానే, "త్వరగా రండమ్మా, ఎగిరిపోతుందేమో," అని తన గొట్టం ముందు చోటిచ్చింది.

లియోనా వంగి చూసింది. చాలాసేపు లేవలేదు. ఓరిన్‌కు ఆవిడ వీపు మాత్రమే కనబడుతోంది. కోటు లోపల భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాడు. నవ్వుతోంది.

"నా బిళ్ళ మీద రెట్ట వేసింది ఓరిన్."

తర్వాత నిటారుగా నిలబడి గుమాస్తా గొంతుతో పిలిచింది. "డ్వైట్! ఇలా రా. దుర్భిణి తీసెయ్. అటు చూడు. ఏం కనబడుతోంది?"

డ్వైట్ కళ్ళు చికిలించాడు. "టార్పాలిన్ అండీ. మీ నాన్నగారి బుర్రలు. వెనకాల పచ్చగా ఏదో మరక. కోరింద పొదలనుకుంటానండీ."

"నేరుగా కంటికి మొక్కలు కనబడుతున్నాయా?"

"లేదండీ."

"అయితే ఏ నియమమూ తప్పలేదు. గొట్టాలు పెట్టుకు చూసినవాళ్ళ సంగతి చట్టం ఎప్పుడో ఆలోచించే ఉంచింది." ఆవిడ ఓరిన్ కేసి చూసింది. "పొయ్యి వెలిగించక్కర్లేదు."

ఓరిన్ బండి బానెట్ మీద ఆనుకుని కాసేపు ఆకాశం కేసి చూశాడు, అక్కడ కూడా ఏదో పిట్ట ఉన్నట్టు.

గడ్డం మనిషి ధైర్యం చేశాడు. "అమ్మా, తోటలోకి వచ్చి దగ్గర్నుంచి ఒక్క ఫోటో..."

"వీల్లేదు. రోగికీ, రోగి తోడుకీ తప్ప ప్రవేశం లేదు."

"పిట్ట వెళ్ళిందిగా!"

"దాని సంగతి తర్వాత విచారిస్తాను," అంది లియోనా.

ఎవరో థర్మాస్ తెరిచారు. చేపల చౌడర్, పాలు పోసి కాచిన చిక్కటి సూపు, పొగలు కక్కుతూ. అడక్కుండానే లియోనా చేతికి ఒక కప్పు అందింది. అందరికీ అందినట్టే, ఏ ప్రత్యేకతా లేకుండా. పిట్టను చూస్తూ, పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఆవిడ చెంచా ఎత్తింది. ఓరిన్ దగ్గర పేపరు లేదు. టోపీ తీసి, దాని లోపల ఏదో రాసి ఉన్నట్టు అటే చూస్తూ నిలబడ్డాడు. చెంచా మళ్ళీ లేచింది. మళ్ళీ లేచింది.

సాయంత్రం టీచరు ఆయనను పక్కకు పిలిచింది. "రేపు అన్నీ కోసేస్తే దానికి దోమలుండవు ఓరిన్. దక్షిణానికి పోవడానికి ఇంకా బలం పుంజుకోవాలి."

"టీచరుగారూ, అది లియోనా మందు. మూడోదే అన్నిట్లోకీ బలమైనది."

"ఐదు కొయ్యి," అంది వెనక నుంచి లియోనా. "ఒకటి ఉండనీ. దానికీ తిండి సయించడం అవసరమే కదా."

ఐదు కోశారు, ఆరబెట్టారు, డాక్టరు చెప్పిన కొలతలో వెన్నలో కాచారు. చలి రాత్రుల్లో ఓరిన్ మూడో మొక్కకు పాత దుప్పటి కప్పి, పొద్దున్నే పిట్ట లేవకముందే తీసేవాడు. ఊరివాళ్ళు గిన్నెలు తెచ్చారు గాని ఇంటికి కాదు, మలుపు దగ్గరికి. అక్కడైతే అందరికీ పెట్టొచ్చు, ఎవరూ ఎవరినీ ఎలా ఉందని అడగనక్కర్లేదు. అన్నగారు కూడా కుక్కతో వచ్చాడు. దాని మెడలో బిళ్ళ ఉంది.

లియోనా రోజూ మడత కుర్చీలో కూర్చుంటోంది. ఉంగరానికి చుట్టిన దారం ఒక పేట విప్పింది. వెన్న పనిచేసిందో, మలుపు పనిచేసిందో ఓరిన్ తేల్చుకోలేకపోయాడు, తేల్చుకోవాలనీ అనిపించలేదు. టీచరు బెల్లప్పాకం డోనట్ల పళ్ళెం పట్టుకొచ్చిన రోజున లియోనా ఒకటి తిని, వేళ్ళు నాకి, "ఇంకోటి ఉందా?" అంది. ఓరిన్ పళ్ళెం మొత్తం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

డాక్టరు చీటీ లేకుండా తాళం వేసిన తోటలో మకాం పెట్టినందుకు ఆ పిట్ట మీద ఎవరూ విచారణ జరపలేదు. జరపవలసిన గుమాస్తాగారి నోట్లో అప్పటికి రెండో డోనట్ ఉంది.